తెర వెనక పద్ధతి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి వార్షికోత్సవానికి మన పిల్లలు పద్యనాటకం వేస్తున్నారు. తిరుపతి వెంకట కవుల నాటకాల్లోంచి పడక సీను, ద్రౌపది మొర, రాయబారం తీసుకున్నాం. సినిమా పాటలకి స్టెప్పులు అలవాటైన పిల్లలు మొదట్లో మొహాలు చిట్లించారు. ఇప్పుడు మధ్యాహ్న భోజనం క్యూలో కూడా రాగాలు తీస్తున్నారు, తెలుగు మాస్టారికి కాలు నేల మీద ఆనడం లేదు. పద్యాల సంగతి ఆయన చూసుకుంటారు. నేను రాస్తున్నది పిల్లల నడవడి గురించి.

పడక సీనులో కష్టమైన పని ఎవరిదనుకుంటున్నారు? పద్యం ఎత్తుకునే దుర్యోధనుడిది కాదు, కళ్లు మూసుకుని పడుకున్న కృష్ణుడిది. మొన్న రిహార్సల్లో ఆ పిల్లవాడు కదలకుండా పడుకుంటే, పక్క వింగులో నిలబడ్డ నలుగురు నెమలి పింఛంతో వాడి అరికాలు గీకారు. వాడు పకపకా నవ్వాడు, అర్జునుడు మాట మరిచిపోయాడు, హార్మోనియం ఆగింది. అందరం నవ్వేశాం, నేనూ నవ్వాను. కానీ అదే పని ప్రదర్శన రోజున జరిగితే నెల రోజుల కష్టం అక్కడే పోతుంది. అందుకని సీనులో లేనివాళ్లు వింగుల్లో ఉండకూడదని నియమం పెట్టాం. తమ ఎంట్రీకి ముందు మాత్రమే అక్కడికి రావాలి, వచ్చాక నోరు మెదపకూడదు. కిరీటాలు, గదలు అద్దెవి. వాటితో ఆటలాడి విరగ్గొడితే డబ్బు కట్టాల్సింది మీరే, కాబట్టి ఇంట్లో ఒక మాట చెప్పండి.

ఇక అసలు విషయం. ద్రౌపది పాత్ర తొమ్మిదో తరగతి అబ్బాయి వేస్తున్నాడు. అందరిచేతా పాడించి చూస్తే ఆ పద్యాలు బాగా పలికింది వాడి గొంతులోనే. క్లాసులో ఇద్దరు వాణ్ణి "ఏమే" అని పిలవడం మొదలుపెట్టారు. అది గోడల మీదికి కూడా ఎక్కింది. వాడు రెండు రోజులు బడికి రాలేదు. స్త్రీ పాత్రలతోనే ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగించిన స్థానం నరసింహారావు గారిది మన బాపట్లే, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ సంగతి అసెంబ్లీలో చెప్పాం. కానీ పేరున్నవాళ్లని చూపించి పిల్లవాడికి గౌరవం అప్పు తెచ్చిపెట్టనక్కర్లేదు. పద్మశ్రీ వచ్చినా రాకపోయినా, వేషాన్ని పట్టుకుని మనిషిని ఎగతాళి చేయడం మన బడిలో కుదరదు. ఇళ్లలో కూడా "మగపిల్లాడివి, చీరేమిట్రా" అన్న మాట వినిపించిందని తెలిసింది. దయచేసి అనకండి.

ఎగతాళి చేసిన ఇద్దరినీ నాటకంలోంచి తీసేయమని కొందరు టీచర్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ద్రౌపదికి సవరం కట్టి, చీర కుచ్చిళ్లు సర్దే పని వాళ్లకి అప్పగించాం. ఒకడు మూడో రోజుకే మానేశాడు. రెండోవాడు మాత్రం పిన్నీసుల డబ్బా ఇంకొకరికి ఇవ్వడం లేదు. దీన్ని శిక్ష అనుకోవద్దు. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి వాళ్ల నాటకాల్లో వేషం వేసిన మనిషే మరో సీనుకి తాడు లాగుతాడు, తెర మారుస్తాడు. మన దగ్గరా దుర్యోధనుడు తన సీను అయ్యాక కుర్చీలు మోయాల్సిందే.

"మావాడికి నాలుగు మాటలేనా?" అని ఫోన్ చేసిన తల్లిదండ్రులు ఉన్నారు. ద్వారపాలకుడికి నాలుగు మాటలు కూడా లేవు, కానీ ఈటె పట్టుకుని అంతసేపు నిటారుగా నిలబడటం ఆ పిల్లవాడు నేర్చుకున్నాడు. పాత్రలు మార్చం. చెప్పకుండా రెండు రిహార్సల్స్ ఎగ్గొడితే మాత్రం ఆ పాత్ర పోర్షన్ వచ్చిన ఇంకొకరికి వెళ్తుంది, అది ఎవరి అబ్బాయైనా, ఎవరి అమ్మాయైనా. జ్వరమో, ఊరి ప్రయాణమో ఉంటే ముందురోజు కబురు పెడితే చాలు.

పెద్దలకీ కొన్ని మాటలున్నాయి. మన ఊళ్లలో పద్యం నచ్చితే "వన్స్ మోర్" అనడం, స్టేజీ ఎక్కి నోటు గుచ్చడం, చదివింపులు మైకులో చదివించడం మామూలే. తిరునాళ్లలో అది అందంగానే ఉంటుంది, నాకూ ఇష్టమే. ఇక్కడ వద్దు. గొంతు మారే వయసు పిల్లలు, అదే పద్యం వెంటనే రెండోసారి ఎత్తుకుంటే పైస్థాయి అందకపోవచ్చు. ఒకడికి నోటు గుచ్చి పక్కవాడికి గుచ్చకపోతే ఆ చిన్నబుచ్చుకోవడం మర్నాడు క్లాసులో కనిపిస్తుంది. ఇవ్వాలనిపిస్తే ఆఫీసులో ఇవ్వండి, డ్రస్సుల అద్దెకి జమ చేసి రసీదు ఇస్తాం. ఫోన్లు పైకెత్తి వెనకవాళ్లకి అడ్డం పడకండి. వీడియో మేమే తీయించి అందరికీ పంపుతాం.

డ్రెస్ రిహార్సల్ రోజు పిల్లలు రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటారు. ఆడపిల్లల్ని మీలో ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్లాలి, ఆటోలో ఒంటరిగా పంపం. మేకప్ గదిలోకి తల్లులు ఇద్దరు సాయానికి వస్తామంటే సంతోషం, పేర్లు క్లాస్ టీచర్‌కి ఇవ్వండి. ఆ సాయంత్రం డబ్బాలో బజ్జీలు, పకోడీలు పెట్టకండి. పద్యాలు పాడేవాళ్లకి మిరియాల చారన్నం, ఒక ఫ్లాస్కులో వేడినీళ్లు చాలు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు