ఎథిక్స్ కమిటీల్లోకి మామూలు జనం కూడా వెళ్లాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

క్లినికల్ ట్రయల్స్ అనగానే మన పేపర్లలో "మనుషుల మీద ప్రయోగాలు" అని పెద్ద హెడ్డింగ్ పడుతుంది, నాలుగు రోజులు గోల గోల, తర్వాత అంతా మామూలే. అసలు ఆ ట్రయల్‌కి ఓకే చెప్పిన ఎథిక్స్ కమిటీలో (పేషెంట్లకి అన్యాయం జరక్కుండా ముందే చూసే కమిటీ అన్నమాట) ఎవరు కూర్చున్నారు, వాళ్లు ఏం అడిగారు అన్నది మాత్రం ఎవరూ రాయరు. నేను రిటైరైన లెక్కల మాస్టార్ని, కొన్నేళ్లుగా ఒక మెడికల్ కాలేజీ ఎథిక్స్ కమిటీలో లే పర్సన్‌గా ఉంటున్నా, అందుకే రాయాలనిపించింది.

లే పర్సన్ అంటే వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి. 2019 క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం కమిటీలో కనీసం 7 మంది ఉండాలి, అందులో సగం మంది ఆ సంస్థకి సంబంధం లేనివాళ్లు, చైర్‌పర్సన్ కూడా బయటి మనిషే అయ్యుండాలి. ఒక లాయరు, సోషల్ సైంటిస్టో ఎన్జీవో మనిషో ఒకరు, కనీసం ఒక మహిళ, ఒక లే పర్సన్ తప్పనిసరి. లే పర్సన్ రాకపోతే కోరం లేనట్టే, ఎంత పెద్ద ప్రొఫెసర్లు వచ్చి కూర్చున్నా ట్రయల్ ఫైలు ముట్టుకోకూడదు. మరి ఈ పోస్టుకి అర్హతలేంటి అంటే, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ చూడండి, చదువుకుని ఉండాలి, గత 5 ఏళ్లలో వైద్య రంగంలో పని చేసి ఉండకూడదు, ఇక్కడి భాష, పద్ధతులు తెలిసుండాలి. మీ పాఠకుల్లో సగం మందికి పైగా పనికొస్తారు!

మందు కెమిస్ట్రీ నాకు అర్థం కాదు, అది చూసుకోడానికి ఫార్మకాలజీ వాళ్లున్నారు. నేను చూసేది పేషెంట్‌కి ఇచ్చే తెలుగు కాగితాలు. ఆ మధ్య ఒక షుగర్ స్టడీ వచ్చింది (గోప్యంగా ఉంచుతామని సంతకం పెట్టాం కాబట్టి మందు పేరు, కంపెనీ పేరు అడగొద్దు). పరగడుపున వచ్చి రక్తం ఇవ్వాలి, రానుపోను ఖర్చులు టికెట్ చూపిస్తే ఇస్తాం అని రాశారు. సార్, 2023 డిసెంబరు నుంచి మన దగ్గర ఆడవాళ్లకి బస్సు ఫ్రీ కదా, వాళ్ల చేతిలో ఉండేది జీరో టికెట్, అది చూపిస్తే మీరిచ్చేది సున్నానే, ఊళ్లోంచి బస్టాండ్ దాకా ఆటోకి పెట్టిన డబ్బులకి ఎవడిస్తాడు టికెట్, పత్తి ఏరే సీజన్లో వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోయినట్టేగా అని అడిగేశా. ఆ స్టడీ చేసే డాక్టరు గారు కాసేపు కాగితం వంకే చూసి "నిజమే మాస్టారూ, మాకు తట్టలేదు" అన్నారు. తర్వాతి మీటింగుకి మార్చి తెచ్చారు, టికెట్ గొడవ లేకుండా విజిట్‌కి ఇంత అని, రక్తం తీయగానే టిఫిన్ కూడా. అలాగని మరీ ఎక్కువిచ్చినా తప్పే, డబ్బు ఆశకి ఒళ్లు అప్పజెప్పే పరిస్థితి రాకూడదు, 2011లో పిడుగురాళ్ల పేద ఆడవాళ్లకి డబ్బు ఆశ చూపి మందుల ట్రయల్‌కి తీసుకెళ్లిన సంగతి ఇంకా మర్చిపోలేదు కదా.

ఖమ్మం జిల్లా గొడవ కూడా గుర్తు చేస్తా. 2009లో అక్కడ హాస్టళ్లలో చదివే గిరిజన అమ్మాయిలతో సహా వేల మందికి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు నడిపారు, చాలా ఫారాల మీద అమ్మానాన్నలకి బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారని తేలింది. 2010లో ప్రాజెక్టు ఆగింది, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగానే తిట్టింది. టీకా వేయించుకున్న వాళ్లలో కొందరు పిల్లలు చనిపోయారు, ఆ మరణాలకి టీకా కారణం కాదని ఎంక్వయిరీలో చెప్పారు, టీకా మంచిదే, దాని మీద నాకు అనుమానం లేదు, నా బాధంతా సంతకాల గురించే. పిల్లని హాస్టల్లో వదిలొచ్చిన ఒక్క తండ్రిని ముందే కూర్చోబెట్టి అడిగుంటే, వార్డెన్ సంతకం ఎట్లా సరిపోద్దయ్యా అని అక్కడికక్కడే అనేవాడు.

ఇప్పుడు జరిగేదేంటంటే చాలా చోట్ల మేనేజ్‌మెంట్‌కి తెలిసినోళ్లనో, ఎదురు మాట్లాడని పెద్దమనిషినో తెచ్చి లే పర్సన్ కుర్చీలో కూర్చోబెడతారు, ఆయన టీ తాగి, సమోసా తిని, సంతకం పెట్టి వెళ్లిపోతాడు. ఆస్పత్రులు, మెడికల్ కాలేజీలు జిల్లా పేపర్లో ఒక చిన్న ప్రకటన ఇస్తే ఏం పోయింది? రిటైర్డ్ టీచర్లు, పోస్టుమాస్టర్లు, మహిళా సంఘాల లీడర్లు బోలెడంత మంది ఉన్నారు. ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లు ప్రకటన కోసం ఆగక్కర్లేదు కూడా, దగ్గర్లోని మెడికల్ కాలేజీలో ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీకి ఒక లెటర్ రాయండి. మీ ఊళ్లో ఏ ట్రయల్ నడుస్తోందో, దానికి ఏ కమిటీ పర్మిషన్ ఇచ్చిందో సీటీఆర్ఐ (దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో ఫ్రీగా చూడొచ్చు, 2009 జూన్ నుంచి ట్రయల్స్ అక్కడ రిజిస్టర్ చేయడం తప్పనిసరి.

డబ్బులొస్తాయని మాత్రం రావద్దు, ఛార్జీలు, కాస్త సిట్టింగ్ ఫీజు ఇస్తే గొప్ప. పీజీ స్టూడెంట్ల థీసిస్‌లు పర్మిషన్ కోసం కట్టలు కట్టలుగా వచ్చినప్పుడు మాత్రం నిజంగా బోరు కొడుతుంది. ఇంకో ఇబ్బంది, మీటింగులు పని రోజుల్లో మధ్యాహ్నం పెడతారు, కూలికి పోయేవాళ్లు, చిన్న ఉద్యోగాలు చేసేవాళ్లు ఎట్లా వస్తారు? ఆదివారం పెట్టమని మా కమిటీలో అడిగాం, డాక్టర్లకి కుదరదంటున్నారు, ఇంకా తేలలేదు.

ఇట్లు
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
ఉమ్మడి వరంగల్ జిల్లా