నాలుగూ మంచివే, కలిస్తేనే గొడవ

ఒరేయ్ మామా,

ఫోన్‌లో నువ్వు మీటింగుల మధ్యలో ఉంటావు, నేను పెళ్లిళ్ల మధ్యలో ఉంటాను. సగం చెప్పేసరికి ఎవరో ఒకరు పిలుస్తారు. అందుకే నా కంప్యూటర్ హ్యాంగ్ అవుతున్న గోల మొత్తం కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువు. మధ్యలో 'ఫార్మాట్ కొట్టరా' అని మాత్రం అనొద్దు. ఆ మాట కావలి మొత్తం చెప్పేసింది.

నువ్వొచ్చినప్పుడు మనిద్దరం కూర్చుని బిగించిన సిస్టమే. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, రెండు 8 జీబీ ర్యాములు. ఇన్నాళ్లూ మాట పడకుండా పనిచేసింది. ఈ మధ్య ఆల్బమ్ డిజైనింగ్ పని ఎక్కువైంది. 12 బై 36 అంగుళాల షీటు 300 డీపీఐలో చేస్తే అడ్డం 10800, నిలువు 3600 పిక్సెళ్లు. ఒక్క లేయరే 116 ఎంబీ దాకా మింగుతుంది. పెళ్లికూతురు ఒక లేయరు, పెళ్లికొడుకు ఒక లేయరు, వెనకాల తామరపూలు, పైనుంచి రాలే తలంబ్రాలు... 16 జీబీ ఏ మూలకి? అదే కంపెనీవి, అదే 3200 స్పీడువి ఇంకో రెండు 8 జీబీ ర్యాములు కొని పెట్టా. మొత్తం 32 అయింది.

మొదట్లో బాగానే ఉంది. ఆ తర్వాత హ్యాంగ్ అవడం మొదలుపెట్టింది. ఎలాగంటే, మౌస్ బాణం ఉన్నచోటే బిగుసుకుపోతుంది. స్పీకర్‌లో పాట ఒకే ముక్క దగ్గర ర్‌ర్‌ర్ మని అరుస్తుంది. నమ్‌లాక్ నొక్కి చూశా. ఆ లైటు వెలిగి ఆరుతుంటే లోపల ఇంకా ప్రాణం ఉన్నట్టు, స్క్రీనో ఫోటోషాపో ఇరుక్కున్నట్టు. లైటు కూడా కదలకపోతే మొత్తం పోయినట్టే. నాకు కదల్లేదు. ఒక్కోసారి అదీ లేదు, ఉన్నట్టుండి దానంతటదే రీస్టార్ట్.

చూసిన ప్రతివాడూ ఎండ మీదకి తోశాడు. రోహిణి కార్తెలో మన ఊరి సంగతి నీకు తెలీనిదేముంది, మనిషే హ్యాంగ్ అవుతాడు. సరే, కేబినెట్ విప్పి బ్లోయర్ పెట్టి దుమ్మంతా కొట్టా (ఫ్యాను రెక్క వేలితో పట్టుకుని కొట్టాల్లే, గిర్రున తిరగనిస్తే బేరింగు పాడవుతుంది). ప్రాసెసర్ మీద పేస్టు కొత్తది రాశా. లోపలి వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి పెట్టుకుని చూస్తే ఫుల్ లోడ్‌లో కూడా డెబ్బై డిగ్రీల పైన కొద్దిగా, అంతే. ఆ ప్రాసెసర్ తట్టుకునేది 90. వేడి కాదని తేలిపోయింది. ఫోటోషాప్‌లో పని చేస్తుంటే 65 దగ్గరే ఆగిపోతోంది కూడా.

ఇక కరెంటు మీద పడ్డా. పక్కింటి మోటారు వేస్తే మా ట్యూబ్‌లైటు కళ్లు మూస్తుంది కదా. పైగా చెప్పులు లేకుండా కేబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటోంది. టెస్టర్ పెడితే వెలుగుతోంది! మా అమ్మ ఆ గదిలోకి రావడమే మానేసింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే, బోర్డులో మూడో పిన్నుకి వైరే లేదన్నాడు. ఎస్‌ఎంపీఎస్‌లో (కంప్యూటర్‌కి కరెంటిచ్చే డబ్బా) ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, నాయిస్ భూమిలోకి పంపడానికి. ఎర్త్ లేకపోతే అది పోయే దారి లేక బాడీ మీద సగం ఓల్టేజీ, అంటే 115 దాకా నిలబడుతుంది. కరెంటు తక్కువ కాబట్టి జిల్లుతో సరిపోతోంది. పెరట్లో గొయ్యి తీయించి, బొగ్గూ ఉప్పూ వేయించి ఎర్తింగ్ పెట్టించా. జిల్లు పోయింది. హ్యాంగ్ పోలేదు. మా బావ దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఉంటే తెచ్చి మార్చి చూశా, అయినా అంతే.

అప్పుడు తీసుకెళ్లా నెల్లూరు. ట్రంకు రోడ్డు దగ్గర షాపు, పేరెందుకులే. ర్యాములు పీకి, పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చి, విండోస్ కొత్తగా వేసి డబ్బులు తీసుకున్నాడు. ఆ రబ్బరు వైద్యం నాకు నచ్చదురా. సముద్రపు గాలికి పిన్నులు నల్లబడతాయి నిజమే గానీ, రుద్దిన కొద్దీ మీదున్న బంగారు పూత అరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోతుంది. ఇంటికి తెచ్చి ఆల్బమ్ తెరిచీ తెరవగానే మళ్లీ అదే పాట. ఫోన్ చేస్తే 'అయితే మదర్‌బోర్డు పోయినట్టే సార్, మార్చాలి' అన్నాడు. ఏం చూసి చెప్పాడో.

ఇక నేనే కూర్చున్నా. విండోస్ జరిగినవన్నీ రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్ నిండా కెర్నల్ పవర్ 41 అనే ఎర్రరే. అది చూసి చాలామంది ఎస్‌ఎంపీఎస్ మార్చేస్తారు. కానీ 41 అంటే 'సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది' అని మాత్రమే, ఎందుకు ఆగిందో అందులో ఉండదు. అందుకని ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేశా. అప్పుడు బ్లూ స్క్రీన్ కళ్లముందు నిలబడింది. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోసారి ఐఆర్‌క్యూఎల్, మరోసారి పేజ్ ఫాల్ట్. డ్రైవర్ గోల అయితే చాలావరకు ఒకే పేరు చెప్తుంది. ఇలా పూటకో పేరు మారుస్తుంటే ముందు ర్యామునే అనుమానించాలి.

ర్యాముని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రి వదిలేసి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే స్క్రీన్ మీద ఎర్రగా వరసలు. రాసిందొకటి, తిరిగొచ్చిందొకటి. చాలావాటిలో ఒకే ఒక్క బిట్టు తేడా. సరే దొంగ దొరికాడనుకుని ఒక్కో ర్యామునీ విడిగా పెట్టి చూశానా, నాలుగూ శుభ్రంగా పాస్! పాత జత పాస్, కొత్త జత పాస్. నాలుగూ కలిపితేనే తప్పులు. అప్పుడు ఏఎండీ వాడి పట్టిక చూశా. ఈ ప్రాసెసర్‌కి వాడు 3200 ఒప్పుకునేది రెండు ర్యాములకే. సింగిల్ ర్యాంకువి (చిప్పులు ఒకే గుంపుగా ఉండేవి) నాలుగు పెడితే 2933, డ్యుయల్ ర్యాంకువైతే (రెండు గుంపులవి) 2667. మనం ఎక్స్‌ఎంపీ (ర్యాముని దాని మీద రాసిన వేగంతో నడిపించే సెట్టింగు) ఆన్ చేసినప్పుడు నాలుగింటినీ 3200 దగ్గర పరిగెత్తిస్తోంది. దానికి తోడు పైన స్టిక్కరు ఒకటే అయినా లోపల చిప్పులు ఒక జతకి ఒకరివి, ఇంకో జతకి ఇంకొకరివి ఉండొచ్చు. మెమరీ నిండే దాకా బయటపడదు కాబట్టే మొదట్లో తెలీలేదు.

బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగులు) పోయి 2933 పెట్టా. మెమ్‌టెస్ట్ మళ్లీ రాత్రంతా నడిపితే ఒక్క ఎర్ర గీత లేదు. వేగం ఎనిమిది శాతం తగ్గిందని కాగితం మీద లెక్క, ఫోటోషాప్‌లో నాకైతే తేడా తెలీలేదు. మదర్‌బోర్డు భేషుగ్గా ఉంది.

నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది హ్యాంగ్ కాదురా. జొన్నవాడలో చేసిన పెళ్లి ఫోటోలు ఆ రోజుల్లోనే కార్డు నుంచి కాపీ చేశా. తెరిచి చూస్తే మాంగల్యధారణ ఫోటో ఒకటి పైసగం బాగుంది, పెళ్లికొడుకు చేతుల కిందనుంచి మొత్తం బూడిద రంగు. ర్యాములో ఒక్క బిట్టు తప్పినా కాపీ అయ్యింది అనే చెప్తుంది కంప్యూటర్. కార్డు ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయా. ఆ రోజుల్లో కాపీ చేసినవన్నీ ఇప్పుడు కార్డులతో పోల్చి చూసుకుంటున్నా. పాత హార్డ్‌డిస్క్‌లోకి మార్చినవి కొన్ని ఉన్నాయి, వాటి సంగతే ఏమవుతుందో.

నీకో పని. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ వైపు వెళ్లినప్పుడు 16 జీబీవి రెండు, ఒకే ప్యాకెట్‌లో జతగా వచ్చేవి, డీడీఆర్4 3200 రేటు కనుక్కో. షాపువాళ్లు విడివిడిగా ఉన్నవి రెండు కలిపి జత అని అంటగడతారు, ఒప్పుకోకు. శ్రావణంలోపు వస్తే ఈ నాలుగూ అమ్మేస్తా, రెండు స్లాట్లతోనే పని గడుస్తుంది. రేటు మరీ ఎక్కువుంటే వద్దులే, 2933తోనే ఈ సీజన్ లాగించేస్తా. మలైకాజా పంపమన్నావు కదా, మా బావ వచ్చే వారం హైదరాబాద్ వస్తున్నాడు, వాడి చేతికిస్తా. డబ్బా మాత్రం తిరిగి పంపు, మా అమ్మది.

నీ
కావలి మామ