‘తిరిగి పునరుద్ధరణ’ తర్వాత ఖాళీ ఎంత?

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో కరెంటు తీసేసినా, కొళాయి నీళ్లు ఆపినా వెలువడే ప్రకటనల్లో ఒకే అర్థానికి రెండేసి మాటలు వాడటం రివాజైపోయింది. నమూనాకు ఈ వాక్యం చూడండి: ‘మరమ్మతుల నిమిత్తం కొరకు ఆదివారం రోజున తాగే మంచినీటి సరఫరా నిలిపివేయబడి పనుల అనంతరం తిరిగి పునరుద్ధరించబడును.’ మొత్తం 13 మాటలు. నిమిత్తమన్నా కొరకన్నా ఒకటే. ‘పునః’ అంటేనే తిరిగి. మన దగ్గర మంచినీళ్లంటే తాగేవే. ‘మరమ్మతుల వల్ల ఆదివారం మంచినీళ్లు రావు, పనులయ్యాక వస్తాయి’ అంటే 7 మాటల్లో తేలిపోతుంది. మిగిలిన 6 మాటల జాగాలో ‘ఉదయం 6 నుంచి సాయంత్రం 4 వరకు’ అన్నది సరిగ్గా పడుతుంది. బిందెలు నింపుకోవాల్సినవాళ్లకు కావలసింది అదే, పై వాక్యంలో లేనిదీ అదే. పునరుక్తితో వచ్చే చిక్కు ఇది. వాక్యం నిండుగా కనిపిస్తుంది, లోపలి ఖాళీ కంటికి ఆనదు.

ఇంగ్లీషు ముసాయిదాను తెలుగు చేసేటప్పుడు హుందాతనానికి ఒక బరువైన పదం, అర్థం కావడానికి పక్కనే ఒక వాడుక పదం వేస్తారు. ‘పెండింగ్ బకాయిలు’, ‘ధ్రువీకరణ సర్టిఫికెట్’ పుట్టింది ఇలాంటి జోడింపుతోనే. పత్రికలూ తక్కువేం తినలేదు. ‘దాదాపు 500 మందికి పైగా’ అని రాస్తే 500కు లోపా, పైనా? ఇది పునరుక్తి కూడా కాదు, ఒక మాట ఇంకో మాటను కొట్టేయడం.

అలాగని మళ్లీ చెప్పిన ప్రతిదీ దోషం కాదు. ‘ఇంటింటికీ’లో ఒక ఇల్లు తీసేస్తే అర్థమే మారిపోతుంది. ‘పట్టపగలు’, ‘మొట్టమొదట’ లాంటివి ఒకే మాట రెండుసార్లు రావడంతో పుట్టినవి. ఆ రెండో మాటను వ్యాకరణంలో ఆమ్రేడితం అంటారు. అక్కడ రెట్టింపే బలం. ప్రాచీన తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాలు పునరుక్తిని వాదంలో ఓటమి కింద లెక్కగట్టాయి గానీ, ఒక ప్రయోజనం కోసం మళ్లీ చెబితే దాన్ని ‘అనువాదం’ (తర్జుమా అని కాదు, మళ్లీ చెప్పడం అని) పేరుతో మినహాయించాయి. తుపాను హెచ్చరిక అలాంటిదే. రేవులో పెను ప్రమాదాన్ని తెలిపే 10వ నంబరు సూచిక ఎగరేశారని చెప్పి ఊరుకోకూడదు. వేటకు వెళ్లొద్దని విడిగా, రెండుసార్లు చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పటిలాంటి గాలిలో మైకు మాట సగమే వినపడుతుంది. రెండోసారి చెప్పడం ఆ పోయిన సగం కోసం. మొదటిది ఆగిపోతే ఆదుకోవడానికి పెట్టే, ఇంజినీర్లు ‘రిడండెంట్’ అని పిలిచే రెండో పంపు కూడా ఈ కోవలోదే. దాన్ని ‘అనవసరమైన పంపు’ అని తెలుగు చేస్తే కొంప మునుగుతుంది!

విమర్శించేటప్పుడు కూడా అన్నిటినీ ఒకే గాటన కడుతున్నారు. నిరుటి హామీనే మళ్లీ వల్లించడం చర్వితచర్వణం, అంటే నమిలిందే నమలడం. తేలిపోయిన సంగతిని మళ్లీ తేల్చబోవడం పిష్టపేషణం, అంటే పిండిని మళ్లీ పిండి చేయడం. సరుకే లేని ఉపన్యాసం ఊకదంపుడు.

ఊరి పేర్ల దగ్గర కాస్త ఆగాలి. ‘కైలాసగిరి కొండ’లో గిరి ఉంది, ‘ముడసర్లోవ లోయ’లో లోవ ఉంది, లోవ అన్నా లోయే. గెడ్డ అంటే వాగని ఉత్తరాంధ్రలో పిల్లలకూ తెలుసు, ‘గెడ్డ వాగు’ అనక్కర్లేదు. అచలమన్నా కొండే గానీ, ‘సింహాచలం కొండ’ను మాత్రం నేను కొట్టేయను. కింద ఊరికీ, రైల్వే స్టేషనుకూ అదే పేరుంది కాబట్టి అక్కడ కొండ అనే మాటకు పనుంది.

ప్రకటన సిద్ధమయ్యాక ఒక్కో మాటను వేలితో మూసి మిగతాది పైకి చదవాలి. అర్థం, ఊపు రెండూ తగ్గకపోతే ఆ మాట తీసెయ్యాలి. ఆ తర్వాత ఏ వీధులకు, ఏ వేళ నుంచి, ఏ వేళ వరకు అన్నవి ఉన్నాయేమో చూడాలి. ఈ మూడూ లేని ప్రకటనను మీ పత్రికయినా అచ్చు వేయకుండా వెనక్కి పంపాలని కోరుతున్నాను.

— ఒక ప్రూఫ్ రీడర్, విశాఖపట్నం