ఎర్ర టీషర్టులు ఎందుకు ఇవ్వలేకపోయానంటే

టెక్సస్‌లో డాలస్ దగ్గరి మన అలెన్‌లోనూ, చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కోల్లోనూ ఉంటూ ఇన్నేళ్లుగా మా చిన్న ప్రింటింగ్ షాపును నిలబెట్టిన మీ అందరికీ నమస్కారం. మొన్న శనివారం ఐస్ హాకీ మ్యాచ్ కోసం మీరు చెప్పిన 84 టీషర్టులు మీకు అందలేదు. పిల్లలు మామూలు స్వెటర్లతోనే వెళ్లారు. వాట్సాప్ గ్రూపులో "కొన్ని కారణాల వల్ల ఇవ్వలేకపోతున్నాం, క్షమించండి" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నాను. ఆ రోజు అంతకుమించి రాసే ఓపిక లేకపోయింది. ముందే డబ్బు కట్టి నమ్మిన వాళ్లకు ఆ ఒక్క ముక్క సరిపోదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఈ మధ్యే ఊరికి వచ్చినవాళ్ల కోసం ముందు ఆ టీషర్టు సంగతి. మన ఊరి టీమ్ అలెన్ అమెరికన్స్. వీళ్లు ఆడే ఈసీహెచ్ఎల్ అనే లీగ్, టీవీలో చూసే అతి పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌కి రెండు మెట్లు కింద ఉంటుంది. వారానికింత అని జీతం తీసుకుని ఆడే కుర్రాళ్లు. పై లీగ్ నుంచి పిలుపు వస్తే బుధవారం మన ఊళ్లో ఉన్నవాడు శుక్రవారానికి ఉండడు. అందుకే టీషర్టు మీద ఏ ఆటగాడి పేరూ వేయను. ఒకసారి ఒక బాబు మారాం చేస్తే వేసిచ్చాను. వాడు అది తొడుక్కుని మ్యాచ్‌కి వెళ్లేసరికి ఆ ఆటగాడు వేరే రాష్ట్రంలో ఉన్నాడు. వాడి ముఖం నాకింకా గుర్తుంది. ఇక టీమ్ లోగో వేసే హక్కు నాకు లేదు.

మిగిలింది మన మాట. ఆటలో ఆఖరి భాగమైన మూడో పీరియడ్‌లో మన వరుసలన్నీ లేచి "ఇంకొక్క గోల్" అని అరుస్తాయి కదా, హైదరాబాద్ నుంచి మనవరాలి దగ్గరికి వచ్చిన ఒక తాతగారు మొదలుపెట్టిన అరుపు అది. ఆయన తిరిగి వెళ్లిపోయారు, అరుపు మాత్రం ఉండిపోయింది. ఎర్ర బట్ట మీద తెల్లటి అక్షరాలతో ఆ రెండు మాటలు వేద్దామనుకున్నాం. వీపు మీద 2013, 2014, 2015, 2016. వరుసగా నాలుగేళ్లు ఛాంపియన్లు మన వాళ్లు. మొదటి రెండుసార్లు సెంట్రల్ హాకీ లీగ్‌లో గెలిచారు. ఆ లీగ్ మూతపడితే ఈసీహెచ్ఎల్‌లో చేరి, చేరిన ఏడాదే అక్కడి ఛాంపియన్లకిచ్చే కెల్లీ కప్ కొట్టారు, మరుసటి ఏడాది మళ్లీ కొట్టారు. 2009లో ఈ టీమ్ పుట్టినప్పుడు మేమింకా ఇండియాలోనే ఉన్నాం. అయినా ఆ నాలుగేళ్లు తలుచుకుంటే నాకు సొంత ఊరి గొప్పలాగే అనిపిస్తుంది.

ఎప్పుడూ అయితే బట్టకు వేడితో అంటించే అక్షరాల ఫిల్మ్ బయట ఒకచోట ప్రింట్ చేయించి, షాపులో మా ప్రెస్ మీద నేనే ఒక్కొక్కటీ అంటిస్తాను. ఈసారి బతుకమ్మ, బర్త్‌డే ఆర్డర్లు అన్నీ ఒకేసారి మీద పడి, అంటించే పని కూడా వాళ్లకే అప్పజెప్పాను. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

గురువారం సాయంత్రం డబ్బా వచ్చింది. మీద ఉన్న టీషర్టు తీసి కౌంటర్ మీద పరిచాను. "ఇంకొక్‌క గోల్" అని ఉంది. క కింద ఒదిగి ఉండాల్సిన వత్తు కింద లేదు. పొల్లు తగిలించుకున్న ఒక క, దాని పక్కనే విడిగా ఇంకో క. రెండోది తీశాను, మూడోది తీశాను. 84 అలాగే ఉన్నాయి. వెనక అంకెలు మాత్రం అచ్చు గుద్దినట్టు ఉన్నాయి.

నేను పంపిన ఫైలులో అక్షరాలు అక్షరాలుగా లేవు, బొమ్మలుగా మార్చే పంపాను. తెలుగు రాని కంప్యూటర్‌లో కూడా చెడకూడదనే అలా చేస్తాను. నాకు చూపించిన శాంపిల్ బొమ్మ కూడా సరిగ్గానే ఉంది. ఆ తర్వాత సైజు పెంచాల్సి వచ్చి, అక్కడెవరో నా ఈమెయిల్‌లోంచి ఆ మాటలు కాపీ చేసి కొత్తగా పెట్టారు. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగ్ ఆన్ చేయకపోతే వత్తు కిందికి దిగదు, అక్షరాలన్నీ వరుసగా నిలబడిపోతాయి. పెట్టినవాళ్లకు తేడా తెలియలేదు. తెలియకపోవడం తప్పని నేను అనను. ఫోన్ చేసి రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి పంపితే, "మాకు రెండూ ఒకేలా ఉన్నాయి, కావాలంటే 20 శాతం తగ్గిస్తాం" అన్నారు. ఆ మాటకు మనసు విరిగిపోయింది. ఏడేళ్లుగా పని ఇస్తున్నాను వాళ్లకి. ఒక్క ఇంగ్లీష్ అక్షరం తలకిందులైతే అలా అంటారా?

గురువారం రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆయన, "ఇచ్చెయ్, అక్కడ తెలుగు చదివేవాళ్లు మనవాళ్లే కదా, అందరి కళ్లూ ఆ పక్ బిళ్ల మీదే ఉంటాయి" అన్నారు. మీలో కూడా ఇద్దరు ముగ్గురు "పర్లేదక్కా, ఇచ్చెయ్యండి" అన్నారు. మనవాళ్లే కదా చదివేది, అందుకే నాకు పర్లేదనిపించలేదు. ఆర్డర్ ఇచ్చిన రోజు వాళ్ల అమ్మతో వచ్చిన ఒక పాప, ఆదివారం తెలుగు క్లాసులో అప్పుడప్పుడే వత్తులు నేర్చుకుంటోంది. నా స్క్రీన్ మీద వేలు పెట్టి "క కి క వత్తు ఇస్తే క్క" అని చదివింది. ఎవరూ అందించలేదు, తనంతట తనే చదివింది. అదే పాపకు తప్పు అక్షరం తొడిగి పంపిస్తే, తను నేర్చుకున్నదే తప్పనుకుంటుంది. నా చేతులతో ఆ పని చేయలేకపోయాను.

శుక్రవారం మా కట్టర్ మీద వినైల్ అనే ప్లాస్టిక్ పొర కోసి మళ్లీ చేద్దామని కూర్చున్నాం. ఒక్కో అక్షరం చుట్టూ అక్కర్లేని పొరను సూదితో లాగాలి. వత్తు మెలికలో సూది జారితే ఆ ముక్క మొత్తం పాడు. తెల్లవారేసరికి తొమ్మిది తేలాయి. తొమ్మిది పిల్లలకిచ్చి మిగతావాళ్లను ఎలా చూడను? అవీ పక్కన పెట్టేశాను. మొండితనం అనుకుంటే అనుకోండి.

డబ్బులు అందరికీ వెనక్కి పంపాను, రానివాళ్లు మెసేజ్ పెట్టండి. మళ్లీ కావాలన్నవాళ్లకు కొత్తవి తయారవుతున్నాయి, అదే ధరకి. కొత్త ప్రింటర్ దగ్గర నాకు ఒక్కోదానికి ఖర్చు ఎక్కువే, ఈ సీజన్‌కి అది నేనే పెట్టుకుంటాను. పాత చోట తెలుగు పనే కాదు, ఏ పనీ ఇక ఇవ్వను. ఇక నుంచి తెలుగు అక్షరం ఏదైనా నా ప్రెస్ మీదే, నా కళ్లముందే అంటుతుంది.

పాడైన టీషర్టులను ఎవరికైనా దానం చేయమన్నారు కొందరు. ఆ అక్షరాలు ఎవరి ఒంటి మీదా తిరగడం నాకు ఇష్టం లేదు. అక్షరాల ముక్క కోసి పారేసి, మిగతా బట్టను జానెడు జానెడు ముక్కలు చేశాను. స్కేటింగ్ నేర్చుకునే పిల్లలుంటే తీసుకెళ్లండి, డబ్బులక్కర్లేదు. బ్లేడుకు రెండంచుల మధ్య సన్నని గాడి ఉంటుంది. ఐస్ దిగగానే అక్కడ నీరు తుడవకపోతే తుప్పు పడుతుంది. మెత్తటి కాటన్ బాగా పీలుస్తుంది. నాలుగేళ్లూ రాసున్న వీపు భాగాలు మాత్రం కోయడానికి చెయ్యి రాలేదు, డబ్బాలో దాచాను.

కొత్త శాంపిల్ ఒకటి కౌంటర్ పక్కన తగిలించాను. షాపుకి వచ్చినప్పుడు ఒక్కసారి చదవండి, తప్పుంటే చెప్పండి. మన పాప మంగళవారం వచ్చి చదివి వెళ్లింది. మీరు కూడా చూసేదాకా, అంటే ఆదివారం సాయంత్రం వరకు, ప్రెస్ ఆన్ చేయను.