రాని పిల్లల కోసం వెళ్లే పిల్లలు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పత్తి ఏరే రోజులొచ్చాయంటే మన బడిలో బెంచీలు ఖాళీ అవుతాయి. ఈసారి తొమ్మిదో తరగతి పిల్లలు ఊరుకోలేదు. ఎవరైనా వరుసగా రెండు రోజులు రాకపోతే, బడి వదిలాక ఇద్దరు ముగ్గురు కలిసి లెక్కల నోట్సు పట్టుకుని వాళ్లింటికి వెళ్తున్నారు. ఒకింట్లో "చిన్నదాన్ని చూసేవాళ్లు లేక పెద్దదాన్ని ఆపాను బిడ్డా" అని తల్లి చెప్పిందట. ఆ చిన్నదాన్ని రోజూ అంగన్‌వాడీలో దింపే పని పక్కింటి అమ్మాయి తీసుకుంది. ఆమె క్లాస్ లీడరేం కాదు. మేం చెప్పి చేయించిందీ కాదు.

నాయకత్వం అనగానే మనకు మైకు, వేదిక, ఆగస్టు 15 ప్రసంగం గుర్తొస్తాయి. అవీ నేర్పిస్తున్నాం. కానీ ఊరికి ఎక్కువ అక్కరకొచ్చేది ఈ అమ్మాయి చేసిన పనేనని నా గట్టి నమ్మకం.

మన దగ్గర ఇది కొత్తేమీ కాదు. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ప్రొఫెసర్ శాంతా సిన్హా ఆధ్వర్యంలో ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, పనుల్లో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చే పని మొదలుపెట్టింది. ఇల్లిల్లూ తిరిగినవాళ్లలో ఆ ఊళ్ల యువతీ యువకులే ఎక్కువ. వాళ్లలో చాలామంది తమ ఇంట్లో తొలిసారి చదువుకున్నవాళ్లు. తల్లిదండ్రులను, జీతానికి పెట్టుకున్న ఆసాములను, సర్పంచులను కూర్చోబెట్టి ఒప్పించారు. బడి మొహం చూడని పిల్లలు క్యాంపుల్లో చదువు నేర్చి, తమ వయసుకు తగిన తరగతిలో చేరారు. శాంతా సిన్హా గారికి 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ పేరు వెనుక ఇంత మంది పల్లె యువత నడక ఉందని మన పిల్లలకు చెప్పినప్పుడు క్లాసంతా నిశ్శబ్దంగా విన్నారు.

మిమ్మల్ని కోరేది ఒకటే. "ఊరి సంగతులు నీకెందుకు, మార్కులు చూసుకో" అని పిల్లల్ని ఆపకండి. ఆలస్యమవుతుందని టెన్షన్ పడొద్దు, చీకటి పడకముందే ఇల్లు చేరేలా ఒక టీచర్‌ను తోడు పంపుతున్నాం. బాల్యవివాహం లాంటి మాట చెవిన పడితే మాత్రం సొంతంగా వెళ్లొద్దనీ, వెంటనే మాకు చెప్పాలనీ, లేదంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలనీ నేర్పించాం.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మొదటి అరగంట పిల్లలే మాట్లాడతారు. ఎవరింటికి ఎందుకు వెళ్లారో, ఏ పిల్లలు ఇంకా రావడం లేదో చెబుతారు. పత్తి పని ఉన్నా ఆ ఒక్క పూట వీలు చేసుకుని రండి.

మీ
ప్రధానోపాధ్యాయుడు