రెండో దశ ఎప్పుడు, మంత్రిగారూ?

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రిగారికి,

మొక్కల నుంచి మందు తీసే మా పరిశోధనకు రెండో దశ నిధులు అడుగుతూ నేను రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి మూడింటికీ ‘పరిశీలనలో ఉంది’ అని జవాబొచ్చింది. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారని నమ్మి, ఈసారి నలుగురి ముందూ రాస్తున్నాను.

మా ల్యాబు ఫ్రీజర్ మూడో అరలో మొక్కల ఎక్స్‌ట్రాక్టుల ట్యూబులున్నాయి. లేబుళ్ల మీద సిరా వెలిసిపోతే మొన్న మళ్లీ దిద్దాను. మొదటి దశ నిధులతో వాటిని ఎంఆర్ఎస్ఏ మీద, అంటే చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని ఒక బ్యాక్టీరియా మీద, పరీక్షించాం. బ్యాక్టీరియాను పెంచే ప్లేటులో కొన్నింటి చుట్టూ అది మొలవని జోన్ చక్కగా వచ్చింది. ఆ ప్లేటు ఫొటోని మీ శాఖవారు ప్రచార పుస్తకం అట్టకెక్కించారు. పని మాత్రం అక్కడే ఆగిపోయింది.

జోన్ రావడం గొప్పేం కాదండీ, బ్లీచింగ్ పౌడర్ వేసినా వస్తుంది. అందులో పనిచేసే పదార్థం ఏది? ఎంత మోతాదు కావాలి? రక్తంలోకి చేరుతుందా? కిడ్నీలను దెబ్బతీస్తుందా? పసుపులోని కర్క్యుమిన్‌నే చూడండి, ప్లేటులో అంత హడావుడి చేస్తుందా, మింగితే రక్తంలోకి చేరేది అత్యల్పం. ఇవన్నీ తేల్చడానికే కదా రెండో దశ!

‘ప్రకృతిలోనే పరిష్కారం ఉంది’ అని మీరు సభల్లో అంటుంటారు. కాదనను, పెన్సిలిన్ బూజులోంచే వచ్చింది. ఫ్లెమింగ్ ఆ బూజును 1928లో చూశాడు. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆ మందు ఎక్కించిన తొలి రోగుల్లో ఒక పోలీసు, కోలుకుంటూ ఉండగానే మందు అయిపోయింది. అతని మూత్రంలోంచి తిరిగి తీసి ఎక్కించినా చాలక చనిపోయాడు. బూజు దొరికాక పదమూడేళ్లకు కూడా ఒక్క మనిషికి సరిపడా మందు లేదన్నమాట. మీరు మమ్మల్ని ఆపింది ఆ మధ్యలోనే.

మీ ప్రసంగం విని ఒకాయన మా గుమ్మం దగ్గర రెండు గంటలు కూర్చున్నారు. చేతిలో కొడుకు కల్చర్ రిపోర్టు, ఒంట్లోని బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో చెప్పేది. పై నుంచి కిందికి అన్నీ ‘ఆర్’లే, అంటే లొంగదని; ఒక్కచోట ‘ఎస్’, లొంగుతుందని. ‘ఆ మొక్కల మందు ఇవ్వండమ్మా’ అన్నారు. నేనేం చెప్పాలి? అది ప్లేటులోనే పనిచేస్తుంది, మిగతాది మంత్రిగారి పరిశీలనలో ఉంది అనా? డాక్టరిచ్చే ఇంజెక్షన్ ఆపొద్దని చెప్పి పంపేశాను. ఆయన నమ్మినట్టు లేరు. తప్పు ఆయనది కాదు.

దయచేసి రెండో దశ మంజూరు చేయండి. కుదరదంటే ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి, మూడో అర ఖాళీ చేసి ఇంకొకరికిస్తాను. ఏదో ఒకటి చెప్పండి సార్. ఈలోగా కనీసం ఆ అట్ట మీది ఫొటో అయినా తీయించండి.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజిస్టు