సరెండర్ లీవు సరే, పోస్టు ఎవరు సరెండర్ చేస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

కేంద్ర ఉద్యోగుల జీతాలు సవరించే ఎనిమిదో పే కమిషన్ గురించి పేపర్లో రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉంది, ఫిట్‌మెంట్ (అంటే పాత జీతం మీద పెంపు) ఎంత, అరియర్స్ ఎప్పుడు అని. వాటి మధ్యలో కొంతమంది ఇంకో మాట అంటున్నారు. ఖర్చు తగ్గించిన ఆఫీసర్‌కి, పోస్టులు తగ్గించిన శాఖకి మిగిలిన డబ్బులో వాటా ఇస్తే గవర్నమెంటు దానంతటదే చిన్నదవుతుందట. వినడానికి బానే ఉంది. నేను జూనియర్ అసిస్టెంటుగా చేరి ముప్ఫై మూడేళ్ల తర్వాత సూపరింటెండెంటుగా దిగిపోయినవాణ్ణి, అందుకని నాలుగు మాటలు రాస్తున్నా, పెద్దదైతే మీరే కత్తిరించుకోండి.

ముందు ఒకటి ఒప్పుకోవాలి, మా ఉద్యోగులకి డబ్బు చూపిస్తే పని జరగదు అని ఎవరన్నా అంటే అది అబద్ధం. సరెండర్ లీవు చూడండి, ఏడాదికి 15 రోజుల ఈఎల్, అంటే సంపాదించుకున్న సెలవు, వదులుకుంటే ఆ జీతం చేతికొస్తుంది, దానికోసం మేనల్లుడి పెళ్లికి కూడా ఆదివారం కలిసొచ్చేలా చూసుకుని రాత్రి బస్సుకి వెళ్లి పొద్దున్నే సీట్లో కూర్చున్న వాళ్లలో నేనూ ఉన్నా. (ఆ బిల్లులు ఎప్పుడు పాసవుతాయన్నది వేరే కథ, దానికింకో ఉత్తరం రాయాలి.)

ఇప్పుడు రెండో సరెండర్ సంగతి, అంటే ఖర్చు కాని బడ్జెట్ సొమ్ము వెనక్కి ఇచ్చేయడం. ఒక ఏడాది మా ఆఫీసర్ గారు చాలా పద్ధతైన మనిషి, 130 హెడ్డులో, అదే ఆఫీసు ఖర్చుల పద్దులో లక్షా ఎనభై వేలు మిగిలితే అక్కర్లేని ఖర్చు ఎందుకండీ అని సరెండర్ స్టేట్‌మెంట్ పంపించారు. మెచ్చుకోలు కాగితం వస్తుందేమో అనుకున్నాం. వచ్చింది మరుసటి ఏడాది బడ్జెట్, అందులో సరిగ్గా ఆ లక్షా ఎనభై వేలూ కోసేశారు, పోయినేడు అవసరం లేనిది ఈ ఏడు ఎందుకు అని. ఆ వేసవిలో ఇన్‌వర్టర్ బ్యాటరీ పోతే కొనడానికి డబ్బుల్లేక కరెంటు పోయినప్పుడల్లా వరండాలో టేబుల్ వేసుకుని పని చేశాం. ఆ తర్వాత మార్చి వచ్చిందంటే ఎవరూ మాకు చెప్పక్కర్లేదు, కుర్చీలు, ఫైల్ ప్యాడ్లు, ట్యాగులు, ఆఫీసర్ గారి కుర్చీ మీదకి తెల్ల తువ్వాళ్లు డజను, అన్నీ కొనేసి 31వ తారీఖు సాయంత్రానికి ట్రెజరీ దగ్గర క్యూలో ఉండేవాళ్లం. ఒక్క మా ఆఫీసే అనుకోకండి. ఏడాది చివర్లో ఇలా ఎగబడి ఖర్చు పెట్టడం తప్పు అని కేంద్రం జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోనే రాసి ఉంది, మార్చి నెల ఖర్చు ఏడాది బడ్జెట్‌లో 15 శాతం దాటకూడదని ఆర్థిక శాఖ పరిమితి కూడా పెట్టింది. పొదుపు చేసినవాడికి కోత పడే ఏర్పాటు అలాగే ఉంచి పరిమితులు ఎన్ని పెడితే ఏం లాభం చెప్పండి. మిగిల్చిన దాంట్లో సగం వచ్చే ఏడాది మా ఆఫీసుకే వదిలేస్తాం అని ఉంటే మేం ఆ తువ్వాళ్లు కొనేవాళ్లమా?

అంటే ఖర్చుల వరకూ ఇన్సెంటివ్ పనిచేస్తుందనే నా నమ్మకం. గొడవంతా పోస్టుల దగ్గర. బీఎస్ఎన్ఎల్‌లో 2019 చివర్లో వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) పెడితే ఉన్న లక్షన్నర మందిలో దాదాపు 78 వేల మంది దరఖాస్తు పెట్టుకుని 2020 జనవరి ఆఖరుకి వెళ్లిపోయారు కదా, డబ్బిస్తే జనం పోతారు అని దాన్ని చూపిస్తారు. నిజమే, కానీ అక్కడ ప్రతి ఒక్కరూ వదులుకున్నది తన ఉద్యోగం, తన లెక్క తను చూసుకున్నారు, పిల్ల పెళ్లి, హౌసింగ్ లోను, మిగిలిన సర్వీసు ఎంత అని. మనం మాట్లాడేది ఆఫీసర్‌ని పిలిచి మీ కింద ఉన్న సెక్షన్ తీసేయండి మీకు ఇంతిస్తాం అనడం గురించి. ఆయన గొప్పదనం అంతా కింద ఎంతమంది ఉన్నారన్న దానిమీదే నడుస్తుంది, కొత్త జిల్లా వచ్చినా కొత్త డైరెక్టరేట్ వచ్చినా పైకి వెళ్లే మెట్లు పెరుగుతాయి. ఏపీలో 2022లో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఆఫీసర్లలో బాధపడ్డవాణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూళ్లేదు.

సరే, ఆశపడి తగ్గించారే అనుకుందాం. ఎలా తగ్గిస్తారో నాకు తెలుసు, ఏటా నంబర్ స్టేట్‌మెంట్, అదే ఆఫీసులో ఉన్న పోస్టుల లెక్క, రాసింది నా చెయ్యే. ముందు పదేళ్ల నుంచి ఖాళీగా ఉన్న పోస్టులు కొట్టేసి, ఇదిగో ఇంత మిగిల్చాం అని వాటా అడుగుతారు, అక్కడ ఎవరూ జీతం తీసుకోవట్లేదు కాబట్టి మిగిలింది సున్నా. తర్వాత రిటైరైన అటెండర్ స్థానంలో ఔట్‌సోర్సింగ్ కుర్రాణ్ణి పెడతారు, 010 జీతాల హెడ్డులో తగ్గుతుంది, అదే మనిషి ఖర్చు వేరే హెడ్డులో కనిపిస్తుంది. పాపం ఆ కుర్రాడికి సగం జీతం, ఆఫీసర్ గారికి బోనస్.

ఇంకో సంగతి, డబ్బు ముందిచ్చి తగ్గించడం తర్వాత అంటే అసలు జరగదు. 1997లో అయిదో పే కమిషన్ ఏం చెప్పిందో ఇప్పుడు చాలామందికి గుర్తుండదు, జీతాలు పెంచండి, దాంతోపాటు పదేళ్లలో సిబ్బందిని 30 శాతం తగ్గించండి, ఖాళీగా ఉన్న మూడున్నర లక్షల పోస్టులు రద్దు చేయండి అంది. సంఘాలు సమ్మె అనేసరికి కమిషన్ చెప్పిన 20 శాతం ఫిట్‌మెంట్ 40 అయింది, మరుసటి ఏడాది కేంద్ర ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు కూడా 58 నుంచి 60 అయింది. ఆ 30 శాతం మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది. 2008లో ఆరో కమిషన్ ఖజానాకి కొత్త భారం లేకుండా పనిని బట్టి ఇన్సెంటివ్ అంది, ఏడోది కూడా దాదాపు అదే పాట, జీతాలైతే రెండుసార్లూ పెరిగాయి.

పోస్టులు రద్దు చేస్తే పని రద్దు కాదని మన తెలుగువాళ్లకి వేరే చెప్పాలా? 1984లో ఎన్టీఆర్ కరణాలు, మునసబుల్ని ఒక్క దెబ్బకి తీసేశారు, ఊళ్లో లెక్కలు రాసేవాడు కావాలి కాబట్టి వేరే పేర్లతో వేరేవాళ్లు వచ్చారు. తెలంగాణలో 2020లో వీఆర్వోల్ని (గ్రామ రెవెన్యూ అధికారుల్ని) తీసేస్తే 2025కల్లా గ్రామ పాలన ఆఫీసర్లు వచ్చారు. అదే 2014లో కేంద్రం సెల్ఫ్ అటెస్టేషన్, అంటే జిరాక్సు మీద మన సంతకం మనమే పెట్టుకుంటే చాలంది, ఒక్క పోస్టూ పోలేదు గానీ గెజిటెడ్ ఆఫీసర్ ఇంటి ముందు జిరాక్సులు పట్టుకుని నిలబడే పిల్లలు తగ్గారు. నన్నడిగితే డబ్బిచ్చేదేదో దీనికివ్వండి, ఎత్తేసిన ఒక్కో సర్టిఫికెట్‌కి, ఒక్కో రిజిస్టర్‌కి, ఒక్కో సంతకానికి ఇంత అని, అదీ వెంటనే కాదు, రెండేళ్లాగి ఆ కాగితం ఇంకో పేరుతో మళ్లీ రాలేదని చూశాక, ఆఫీసర్ ఒక్కడికే కాకుండా ఆ సెక్షన్ మొత్తానికి. ఏది దండగో క్లర్కుకి తెలిసినట్టు కమిషన్లకి తెలీదు.

మా ఆఫీసులో టైప్‌రైటర్ల రిపేరు రిజిస్టర్ ఒకటుండేది. మిషన్లు వేలం వేసి చాలా ఏళ్లయింది, అయినా ప్రతి నెలా మొదటి తారీఖున అటెండర్ దాన్ని తెచ్చి నా ముందు పెట్టేవాడు, ఈ నెల రిపేర్లు నిల్ అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఆపేద్దామా అని ఒకసారి అడిగితే ఆడిట్ వాళ్లు అడిగితే ఏం చెప్తారు అన్నారు పైవాళ్లు. నేను రిటైరైన రోజు బాధ్యతలు అప్పగించే చార్జి లిస్టులో దాన్ని కూడా రాసి, నా తర్వాత వచ్చినాయన చేత సంతకం పెట్టించుకుని ఇంటికొచ్చేశా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్,
తూర్పు గోదావరి జిల్లా